పిల్లి మూతి వాసన

మా ఇంట్లో ఎవరు ఏం తింటున్నారో నాకు తెలియకుండా జరగకూడదు. మనుషులైనా అంతే, పిల్లి అయినా అంతే. ఈ గుణం మంచిదని నేననను. నీకు టీచరు ఉద్యోగం ఇచ్చి గవర్నమెంటు పొరపాటు చేసింది, పోలీసుల్లో వెయ్యాల్సింది, అని మా ఆయన వేళాకోళం చేసేవారు. నేనూ నవ్వేసి ఊరుకునేదాన్ని. ఇప్పుడు చెప్పేదాంట్లో మాత్రం నవ్వు తక్కువ.

తొంభైల చివరి మాట ఇది. రావులపాలేనికి దగ్గర్లో కాలవ గట్టు పక్కన మా ఊరు. ఊళ్ళో ఎలిమెంటరీ స్కూల్లో నేను టీచర్ని. మా ఆయనకి రాజమండ్రిలో ఆఫీసు. పొద్దున్న ఏడింటి బస్సుకి వెళ్తే చీకటి పడ్డాకే రావడం. పగలంతా ఇంట్లో ఉండేది మా అత్తగారు, ఒక చారల పిల్లి. పిల్లి మా మావగారిది. ఆయన పడక్కుర్చీలో పేపరు చదువుతుంటే ఒళ్ళో కూర్చునేది. ఆయన పోయి రెండేళ్ళయినా ఆ కుర్చీ వదిలేది కాదు. మా అత్తగారికి మాత్రం అది ఆమడ దూరం. ఆవిడ మడి మనిషి. తెల్లారకుండా నూతి దగ్గర స్నానం చేసి, దండెం మీది మడిచీర కట్టుకున్నారంటే సాయంత్రం దాకా ఎవరూ తగలకూడదు. పిల్లి అసలే తగలకూడదు. దానికి పెరుగన్నం పెట్టాల్సి వస్తే నిలబడి పైనుంచి పడేసేవారు.

ఆ ఏడు శ్రావణమాసంలో పిల్లి తెగ నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. నూతి చప్టా మీది బక్కెట్లో మూతి పెడితే తియ్యదు. ఎండలకి తాగుతోందిలే అన్నారు మా ఆయన. ముసురు పట్టి మూడు రోజులైంది, ఆ ఎండేదో ఆయనకే కనపడాలి. నీళ్ళు తాగడం, బక్కచిక్కిపోవడం, అన్నం వాసన చూసి మొహం తిప్పేసుకోవడం, ఇవన్నీ నేను ఒకసారి చూసినవే. మా మావగారికీ ఇలాగే మొదలైంది.

గేదెలకీ ఎడ్లకీ వైద్యం చేసే పశువుల ఆసుపత్రికి పిల్లిని సంచిలో పెట్టుకుని వెళ్తే అక్కడున్న రైతులంతా నవ్వారు. డాక్టరు గారు నవ్వలేదు. నెత్తురు తీసి చిన్న సీసాలో పోసి, ఇక్కడ పరీక్ష చేసే వీలు లేదు, రాజమండ్రిలో మనుషుల లాబులోనే చేయించుకురండి, రిపోర్టు నేను చూస్తాను అన్నారు. మా ఆయన దాన్ని పట్టుకెళ్ళి, మావగారి నెత్తురు ఎన్నోసార్లు పరీక్ష చేయించిన లాబులోనే ఇచ్చారు. వయసెంతని అడిగితే పదకొండు అన్నారట. రిపోర్టు చేతికిచ్చేటప్పుడు లాబాయన, ఇంత చిన్నపిల్లకి క్రియాటినిన్ ఇంత ఉందేంటండీ, అని కళ్ళనీళ్ళ పర్యంతం అయ్యాడట. నిజం చెప్పడానికి మా ఆయనకి మొహం చెల్లలేదు.

రెండు కిడ్నీలూ పాడైపోయాయి, బాగవడమంటూ ఉండదు, జాగ్రత్తగా చూసుకుంటే కొన్నాళ్ళు ఉంటుంది అన్నారు డాక్టరు గారు. ఉప్పు తగలకూడదు. చేప, మాంసం పెట్టకూడదు. మెత్తగా వండిన అన్నంలో ఉడికిన గుడ్డు తెల్లసొన కలిపి, చిటికెడు వెన్న వేసి పెట్టాలి. రోజు విడిచి రోజు కాంపౌండరు సైకిలు మీద వచ్చి, జామచెట్టు కొమ్మకి సెలైను సీసా వేలాడదీసి, మెడ దగ్గర చర్మం కింద ఎక్కించేవాడు. మావగారిని దక్కించుకోలేకపోయాను, దీన్నయినా దక్కించుకోవాలని నాకు పంతం పట్టుకుంది.

మావగారి సంగతి కూడా చెప్పాలి. ఆయనకీ ఉప్పు మానిపించింది నేనే. ఆయనకి ఊరగాయ లేకపోతే ముద్ద దిగేది కాదు. మాగాయంటే ప్రాణం. పెద్ద డాక్టరు ఉప్పు వద్దన్న రోజే నేను ఊరగాయ జాడీలన్నీ అటకెక్కించి, నిచ్చెన తీసుకెళ్ళి పక్కింట్లో పెట్టేశాను. ఇంట్లో నిచ్చెన ఉంటే అత్తగారి మనసు ఎక్కడ కరిగిపోతుందోనని నా అనుమానం. అంతటితో ఆగానా? సాయంత్రం బడి నుంచి రాగానే మావగారి కుడిచేతి వేళ్ళు వాసన చూసేదాన్ని. పాపం ఆయన నేను అడక్కముందే చెయ్యి చాపి, చూసుకో తల్లీ, అనేవారు. నేను నిజంగానే చూసేదాన్ని.

పిల్లికి గుడ్డు ఉడకబెట్టడమంటే మా ఇంట్లో మాటలు కాదు. పెరట్లో పాడుబడ్డ పశువుల పాకలో కిరసనాయిలు స్టవ్వు, ఒక సత్తు గిన్నె విడిగా పెట్టుకున్నాను. నా జన్మలో గుడ్డు పట్టుకోవడం అదే మొదలు. మొదటి రోజు చేతిలోనే చితికిపోయింది. అత్తగారు వెనక వసారాలోంచి చూసి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. వద్దని ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

పొద్దున్నే ఆ అన్నం పళ్ళెంలో పెట్టి బడికి వెళ్ళేదాన్ని. సాయంత్రం నాలుగున్నరకి వచ్చి చూస్తే పెట్టింది పెట్టినట్టే ఎండిపోయి, చీమలు పట్టి ఉండేది. వేలితో నోట్లో పెడితే రెండు మెతుకులు మింగి, మిగతాది నా చీర మీదే ఊసేది. ప్రతి ఆదివారం దాన్ని గోనెసంచిలో కూర్చోబెట్టి రేషను షాపు కాటా మీద తూచేవాళ్ళం. మొదటి మూడు వారాలూ తగ్గింది. నాలుగో వారం పెరిగింది. మా ఆయన సంతోషించారు. నేను సంతోషించలేదు. ఏమీ తినని పిల్లి బరువెలా పెరుగుతుంది?

ఆ సోమవారం బడి నుంచి వస్తూనే పిల్లిని పట్టుకుని మూతి వాసన చూశాను. చేప వాసన. అనుమానమే లేదు, చేపే.

చేప మా ఇంటికి ఎలా వస్తుంది? మొదట మా ఆయన్నే అనుమానించాను. ఆఫీసులో అన్నీ తినే స్నేహితులున్నారు, కారేజీలో ఏదైనా తెస్తున్నారేమోనని ఆయన సంచీ సోదా చేశాను. అందులో గొడుగు, టైమ్ టేబులు, తినేసిన పల్లీల పొట్లం తప్ప ఏమీ లేవు. తర్వాత ఊళ్ళో చేపలమ్ముకునే ఆవిడ మీదికి పోయింది నా బుద్ధి. అయ్యవార్ల వీధిలోకి నేనెందుకొస్తానండీ, అని ఆవిడ నా మొహం వింతగా చూసింది. అత్తగారి మీదికి నా ఆలోచన పోనే లేదు. ఉల్లిపాయ తరిగిన కత్తిపీటని కూడా విడిగా పెట్టే మనిషి ఆవిడ.

ఈ మధ్య ఆవిడకి మడి మరీ ముదిరిందని మాత్రం గమనించాను. పొద్దున్న ఉతికిన చీర కాక, సాయంత్రం నేను వచ్చేసరికి దండెం మీద ఇంకో చీర నీళ్ళు ఓడుతూ ఉండేది. మళ్ళీ స్నానం చేశారా అంటే, ఉక్కగా ఉందమ్మా అనేవారు. పెద్దతనంలో ఇంత చాదస్తం ఏమిటో, జలుబు చేస్తే మళ్ళీ నేనేగా చూసుకోవాలి, అని విసుక్కుంటూ లోపలికి పోయేదాన్ని. పిల్లి మూతి వాసన చూసిన ముక్కుకి ఆ చీర ఎందుకు తడిసిందో తట్టలేదు.

ఇక మిగిలింది పక్కింటివాళ్ళు. దడికి అవతల రైతు కుటుంబం. ఆ ఇంటి ఇల్లాలిని నేను వదిన గారూ అని పిలిచేదాన్ని. మాకు పాలు పోసేది వాళ్ళే. మావగారు మంచాన పడ్డప్పుడు వేళకి వేడినీళ్ళు కాచిచ్చి, రాత్రుళ్ళు అత్తగారికి తోడు పడుకున్న మనిషి ఆవిడ. మా నిచ్చెన దాచింది కూడా వాళ్ళింట్లోనే. అయినా సరే, వాళ్ళ పెరట్లో చాప మీద ఉప్పుచేపలు ఎండటం నా కళ్ళతో చూశాక ఇంకేం కావాలి నాకు? మా నూతి చప్టా పక్కన ఒక బాదం ఆకు, దానికి అంటుకుని సన్నటి ముల్లు దొరికాయి. ఆ ముల్లుని కాగితంలో చుట్టి, సాక్ష్యం పట్టుకున్న ప్లీడరులా దడి దగ్గర నిలబడ్డాను.

ఆవిడ పాలచెంబుతో వచ్చింది. నేను కాగితం విప్పి చూపించాను.

"మా పిల్లికి చేప పెడుతున్నది మీరేనా వదిన గారూ?"

ఆవిడ ముల్లు చూసింది, నా మొహం చూసింది, తర్వాత నా భుజం మీదుగా మా వెనక వసారాలోకి ఒక్కసారి చూసింది. అక్కడ మా అత్తగారు పీట మీద కూర్చుని వత్తులు చేసుకుంటున్నారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే అనుకున్నాను నేను.

"మా ఇంట్లో చేప లేని రోజుండదు కదండీ టీచర్ గారూ. పిల్లన్నాక ఎక్కడో చోట నోరు పెట్టదేంటండీ," అంది మెల్లగా.

పెట్టాననీ అనలేదు, పెట్టలేదనీ అనలేదు. ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. నోరులేని దాన్ని చేతులారా చంపుతున్నారని, మీకు పాపం చుట్టుకుంటుందని, నోటికొచ్చిందల్లా అనేశాను. రేపట్నుంచి మీ పాలు మాకొద్దని కూడా అన్నాను. సరేనండి, అని ఆవిడ చెంబు పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయింది. వెళ్తూ కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. నటన అనుకున్నాను, దేవుడు నన్ను క్షమించుగాక.

ఆ రాత్రి అత్తగారు, పాలెందుకు మాన్పించావని అడిగారు. కేసంతా మొదటినుంచీ విప్పి చెప్పాను. కాటా, బరువు, ముల్లు, పక్కింటావిడ చూపు, అన్నీ. ఆవిడ అంతా విని, ఊఁ అని లేచి, కడుపులో బాగాలేదని ఫలహారం కూడా ముట్టకుండా పడుకున్నారు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేనేపాటి.

తర్వాత నాలుగు రోజులు పిల్లి మూతికి ఏ వాసనా లేదు. నేను గెలిచాననుకున్నాను. ఆ నాలుగు రోజులూ అది కుర్చీ దిగలేదు. నేను పెట్టిన అన్నం వైపు కన్నెత్తి చూడలేదు. డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్తే, కాటా లెక్కలు రాసుకున్న కాగితం చూసి, మధ్యలో పెరిగిందిగా, అప్పుడేం పెట్టారో అదే పెట్టండి, అసలేమీ తినకపోతే అంతకంటే త్వరగా పోతుంది అన్నారు. అప్పుడు పెట్టింది నేను కాదని ఆయనకి ఎలా చెప్పను? డాక్టరు కూడా వాళ్ళ పక్షమే అనుకుంటూ ఇంటికొచ్చాను.

ఐదో రోజు సాయంత్రం మళ్ళీ చేప వాసన వచ్చింది. దండెం మీద మళ్ళీ తడిచీర.

కార్తీకమాసంలో తుఫాను వస్తోందని రేడియోలో చెప్పారు. హెడ్మాస్టారు మధ్యాహ్నం రెండింటికే బడి వదిలేశారు. దొంగని పట్టుకోవడానికి ఇంతకంటే మంచి అదను దొరకదని, నేను వీధి గుమ్మంలోకి వెళ్ళకుండా కాలవ గట్టు మీదుగా పెరటి వైపు వచ్చాను. చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాను. చినుకులు పడుతున్నాయి. దడి సందులోంచి చూశాను.

నూతి చప్టా మీద పీట వేసుకుని మా అత్తగారు కూర్చున్నారు. ఒళ్ళో పిల్లి. మడిచీర మీద, నలభై ఏళ్ళుగా ఎవరికీ తగలని ఆ చీర మీద, నాలుగు కాళ్ళూ చాపుకుని పడుకుని ఉంది. పక్కన బాదం ఆకులో మెత్తటి అన్నం. ఆవిడ అందులోంచి చిన్న ముద్ద తీసి, వేళ్ళతో నలిపి ముళ్ళేమైనా ఉన్నాయేమో చూసి, దాని నోటికి అందిస్తున్నారు. అది తింటోంది. మూడు నెలలుగా నా చేతి మీద ఊసిన పిల్లి కళ్ళు మూసుకుని తింటోంది.

"తినమ్మా. ఆ పిల్ల బడి నుంచి వచ్చేలోపల తినేసెయ్," అంటున్నారు ఆవిడ.

ఆ పిల్లంటే నేనే. మా ఇంట్లో భయపడాల్సిన మనిషిని నేనే అని అప్పుడు తెలిసింది నాకు. పెరటి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. అత్తగారు తలెత్తి చూశారు, చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"ఈ ముద్ద తిననియ్యి. తర్వాత తిడుదువుగాని."

"చేప ముట్టుకున్నారా అత్తయ్యా?" అన్నాను. ఎన్నో అడగాలని వచ్చి అడగగలిగింది అదే.

"ముట్టుకున్నాను. రోజూ ముట్టుకుని రోజూ స్నానం చేస్తున్నాను."

"డాక్టరు వద్దన్నారు కదా. దీన్ని బతికించుకోవాలనే కదా నేనింత..."

"తెలుసు." ఆవిడ ముద్ద పెట్టడం ఆపలేదు. "ఆయనకీ నువ్వు చెప్పినట్టే పెట్టాను. ఉప్పు వద్దన్నావు, వెయ్యలేదు. పోయే ముందు రోజు, నువ్వు బడికెళ్ళాక, మాగాయ ముక్క ఒక్కటి నాలిక్కి రాయవే అని నా చెయ్యి పట్టుకున్నారు. నిచ్చెన లేదండీ అన్నాను. ఆయన మళ్ళీ అడగలేదు. ఇది కూడా ఆయనలాగే చూస్తోంది నాకేసి. దీనికి లేదని చెప్పడం నా వల్ల కాదు."

ఆ నిచ్చెన సంగతి రెండేళ్ళుగా ఆవిడ మనసులోనే పెట్టుకుని, నేను వండింది తిని, పిల్లితో నా పాట్లన్నీ చూస్తూ కూర్చున్నారు. ఒక్కనాడూ ఎత్తిపొడవలేదు. పిల్లి తినడం అయ్యాక ఆవిడ దాన్ని కుర్చీలో పడుకోబెట్టి వచ్చారు. నేను నూతిలోంచి నీళ్ళు తోడి, వానలోనే ఆవిడ నెత్తిన పోశాను. ఆవిడ వణుకుతుంటే తువ్వాలు తెచ్చి తుడిచాను. మడి అని ఆవిడ వద్దనలేదు.

చీకటి పడేలోపు పక్కింటికి వెళ్ళాను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళానో నాకే తెలియదు. వదిన గారు వంటపాకలో ఉంది. చూసి లేచి నిలబడి, తడిసిపోయారేంటండీ అని పీట వేసింది. తప్పయిపోయింది, మీరెందుకు చెప్పలేదు, ఆ రోజు అన్ని మాటలు అంటుంటే ఎందుకు పడ్డారు అని అడిగాను.

"అమ్మగారు చెప్పద్దన్నారండి. ఊళ్ళో తెలుస్తుందని కాదండి. తెలిస్తే మీరు బాధపడతారని."

పొయ్యి పక్కన గాజుగిన్నెలో నీళ్ళు, ఆ నీళ్ళలో వేలెడంత చేపముక్క ఉంది. అదేంటని అడిగాను. రేపటి కోసమండి, అంది ఆవిడ. పచ్చి చేప పెట్టి చూశారట, పిల్లి ముట్టలేదట. ఉప్పుచేప వాసనకైతే లేచి వచ్చిందట. కానీ ఉప్పు తగలకూడదని అత్తగారు గట్టిగా చెప్పారట.

"మూడు నీళ్ళు మార్చి నానబెట్టమన్నారండి. ఆ తర్వాత ఉడకబెట్టి, ముళ్ళు తీసి, గోరంత ముక్క ఇమ్మన్నారు. అంతకంటే ఎక్కువిస్తే తిట్టేవారండి. నోట్లో వేసుకుని ఉప్పుందేమో చూసి మరీ ఇవ్వమనేవారు నన్ను."

నేను ఆ గిన్నెకేసి చూస్తూ కూర్చున్నాను. పాలు రేపు పోస్తారా వదిన గారూ అని అడిగాను. పొద్దున్నే తెస్తానండి, అంది.

ఆ మర్నాటి నుంచి చేప మా పాకలోనే, గుడ్డు ఉడికిన సత్తు గిన్నెలోనే ఉడికింది. ఉడకబెట్టేది నేను. ఉప్పు చూసేది వదిన గారు. కలిపి తినిపించేది అత్తగారు. పిల్లి మూతి వాసన చూడటం మానేశాను. ధనుర్మాసం దాకా ఉంది అది. ఒక మధ్యాహ్నం మావగారి కుర్చీలో పడుకున్నది పడుకున్నట్టే పోయింది. జామచెట్టు కింద పాతిపెట్టాం. అత్తగారు ఆ రోజు స్నానం చేసి మడి కట్టుకోలేదు, ఊరికే చీర మార్చుకుని కూర్చున్నారు.

మళ్ళీ వేసవి వచ్చింది. మావగారు పోయాక మా ఇంట్లో మాగాయ పెట్టడం అదే మొదలు. ఉప్పులో ఊరిన ముక్కలు ఎండబెట్టి, కారం, ఆవపిండి, నూనె కలిపి జాడీకెత్తాం. మూడో రోజు తిరగ కలిపేటప్పుడు అత్తగారు అందులోంచి ఒక ముక్క తీసి గిన్నెలో వేసి నీళ్ళు పోశారు. కడిగి పారబోశారు. మళ్ళీ పోశారు. నేను చేతిలో గరిటె పట్టుకుని చూస్తున్నాను. మూడోసారి కూడా కడిగాక ఆ ముక్కని రెండుగా చీల్చి, ఒకటి ఆవిడ నోట్లో వేసుకుని, రెండోది నా చేతిలో పెట్టారు.

"తిని చూడు. ఉప్పు పోయింది. మాగాయ రుచి పోలేదు," అన్నారు.

నిజంగానే పోలేదు. మావగారున్నప్పుడు ఈ సంగతి మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. ఆ ముక్క నమలడానికి నాకు చాలాసేపు పట్టింది.